నొప్పికి గడి లేని కేస్ షీట్

జిల్లా ఆసుపత్రుల మాట వచ్చిన ప్రతిసారీ అదే పాట: నిధులు లేవు, సిబ్బంది లేరు, అందుకే రోగుల నొప్పి సంగతి చూడలేకపోతున్నాం. మొదటి రెండూ నిజమే, మూడోదానికి అవి కారణం కావు. నొప్పిని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. మార్ఫిన్ మాత్ర ఖరీదైనదేమీ కాదు. దాన్ని తీసే నల్లమందు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లోనే పండుతోంది. నీమచ్, ఘాజీపూర్‌లలో సర్కారువారి కర్మాగారాలే ఉన్నాయి.

ఎవరూ ఎత్తని లెక్క ఒకటుంది: 18 కిలోలు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 97 శాతం పడిపోయి, 1997 నాటికి 18 కిలోలకు దిగింది. నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాములు వేసుకునే క్యాన్సర్ రోగులకైతే ఆ 18 కిలోలు ఏడాదికి 800 మందికి కాస్త పైన సరిపోతాయి. వంద కోట్లకు చేరువైన దేశంలో 800 మందికి! ఇది పేదరికం చేసిన పనా, లైసెన్సు కాగితాలు చేసిన పనా?

మా మేనత్త గర్భాశయ క్యాన్సర్‌తో ఒక ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో ఉన్నప్పుడు మంచం కాళ్ల దగ్గర కేస్ షీట్ వేలాడుతుండేది. జ్వరం, నాడి, బీపీ, శ్వాస పూటపూటకూ రాశారు. రాత్రి రెండింటికి ఆమె అరుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్న సంగతి రాయడానికి అందులో గడి లేదు. ‘పెద్ద జబ్బు కదమ్మా, ఓర్చుకోవాలి’ అని ఒక డైక్లోఫెనాక్ సూది వేసి వెళ్లారు.

సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటే చదువురానివాళ్లు తడబడతారట. సరే, రూపాయికి ఎంతుందో అడగండి. పావలా, అర్ధరూపాయి, ముప్పావలా అని మా అత్త తరంవాళ్లు తడుముకోకుండా చెబుతారు. మందిచ్చిన గంటకు మళ్లీ అడిగి, ముప్పావలా పావలాకు దిగిందో లేదో రాసుకోండి. పోటు వేరు, సలుపు వేరు అని మనవాళ్లకు తెలుసు. మంటగా, కరెంటు కొట్టినట్టు ఉందంటే నరం దెబ్బతిందేమోనని చూడాలి. అప్పుడు అమిట్రిప్టిలిన్ లాంటి వేరే మందులు కావాలి. ఇదంతా వినే చెవి ఉంటే తెలిసేదే.

మార్ఫిన్‌కు అలవాటు పడిపోతారని కొందరు అమెరికాను చూపిస్తారు. జాగ్రత్త కావాలి. తాళం, రిజిస్టరు ఉండాల్సిందే. కానీ అక్కడ కంపెనీలు నడుంనొప్పికి కూడా మాత్రలు కుమ్మరించాయి. 1997లో మన పద్దులో ఉన్నది 18 కిలోలు. మనకంటే పేదదైన ఉగాండాలో శిక్షణ పొందిన నర్సులు 2004 నుంచి నోటి ద్వారా తాగించే మార్ఫిన్ రాసిస్తున్నారు.

ఆ 18 కిలోల చట్టాన్ని 2014లో సవరించారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఇప్పుడు గుట్టగా లైసెన్సులు అక్కర్లేదు, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతి ఒక్కటి చాలు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రోజూ జరుగుతున్న ఈ పని జిల్లా వార్డుకు ఇంకా ఎందుకు రాలేదు? సూపరింటెండెంట్లు జవాబు చెప్పాలి. గుర్తింపు కోసం దరఖాస్తు ఏ తేదీన పెట్టారు? పోయిన నెల ఎందరికి ఎన్ని మార్ఫిన్ మాత్రలిచ్చారు? నిల్వ సున్నా అయిన రోజు ఇండెంటు ఎవరి బల్ల మీద ఆగింది? నిధులు లేవన్న మాట ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు.