పరీక్ష లేని మరమ్మతు చెల్లదు

ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదని దుకాణానికి తీసుకెళ్తే వినబడే తొలి మాట ‘మదర్‌బోర్డు పోయింది’. రెండో మాట దాని ధర. ఈ రెండింటి మధ్య జరగవలసిన పని ఒకటుంది. ఏ భాగం చెడింది, ఆ సంగతి ఏ పరీక్షలో తేలింది అని వినియోగదారుకు చూపించాలి. చాలాచోట్ల అది జరగడం లేదు. కంపెనీ బోర్డు తగిలించుకున్న సర్వీస్ సెంటర్లు, సందు చివరి దుకాణాలు ఈ విషయంలో ఒకే దారి పట్టాయి. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న కుర్రాడిదీ అదే తొందర. రుజువు లేకుండా భాగం మార్చడం, జాగ్రత్త లేకుండా మూత విప్పడం, అసలు విప్పడానికే వీల్లేకుండా యంత్రాన్ని తయారుచేయడం: ఈ మూడూ తప్పులే. మూడింటికీ మూల్యం చెల్లిస్తున్నది మాత్రం కొన్నవారే.

తెలుగు ఇళ్లలో ల్యాప్‌టాప్ ఇప్పుడు విలాస వస్తువుల లెక్కలో లేదు. ఇంజినీరింగ్ సీటు వచ్చిన కూతురి కోసం తల్లిదండ్రులు వాయిదాల మీద కొనేది అది. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవారికి అదే ఆఫీసు. అలాంటి వస్తువు మూలపడిన రోజున, కొత్తది కొనుక్కోవడమే మేలనిపించే ధర చెప్పి పంపేయడం అన్యాయం. చెప్పిన లోపం నిజమో కాదో తేల్చకుండా చెప్పడం అంతకు మించిన అన్యాయం. రక్తపరీక్ష చేయకుండా ఆపరేషన్‌కు సిద్ధం కమ్మనే వైద్యుణ్ని మనం సహించం. యంత్రాల విషయంలో ఎందుకు సహిస్తున్నాం?

పరీక్షలు కష్టమైనవి కావు, ఖరీదైనవి అంతకన్నా కావు. ఆన్ కాని యంత్రంలో మొదట అనుమానించవలసింది అడాప్టర్‌ను. పాత తరహా గుండ్రటి పిన్ను ఉన్న వాటిలో చాలావాటి మీద 19 లేదా 19.5 వోల్టులని అచ్చువేసి ఉంటుంది. మల్టీమీటర్ పెడితే ఆ వోల్టేజీ వస్తున్నదీ లేనిదీ నిమిషంలో తేలుతుంది. టైప్-సి ఛార్జర్ అయితే యంత్రం అడిగిన తర్వాతే వోల్టేజీ పెంచుతుంది గనుక, సరిపడా వాట్లున్న మరో మంచి ఛార్జర్ పెట్టి చూడాలి. లైట్లు వెలుగుతూ డిస్‌ప్లే నల్లగా ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపాలి. టీవీలో బొమ్మ వస్తే బోర్డు బతికే ఉన్నట్టు. అప్పుడు లోపాన్ని ప్యానెల్‌లోనో, హింజ్ దగ్గర నలిగిన కేబుల్‌లోనో, బ్యాక్‌లైట్‌లోనో వెతకాలి. నల్లటి డిస్‌ప్లే మీద ఏటవాలుగా టార్చి వేస్తే మసకగా బొమ్మ కనిపించిందంటే పోయింది బ్యాక్‌లైటే. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. కదిలిన ర్యామ్‌ను తీసి మళ్లీ సరిగా కూర్చోబెట్టడంతోనే లేచి కూర్చునే యంత్రాలు ఎన్నో.

తయారీదారులే పరీక్షలను యంత్రంలో పెట్టి ఇస్తున్నారు. డెల్ యంత్రాల్లో ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే, హెచ్‌పీలో ఎఫ్2 నొక్కితే, ర్యామ్, డిస్క్, ఫ్యాన్, బ్యాటరీల పరీక్షకు దారి తెరుచుకుంటుంది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకుంటుంది. స్మార్ట్ అనే ఆ రికార్డులో చెడిపోయిన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే ప్రమాదం దగ్గర పడినట్టే. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీస్తే, తయారైన నాటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో ఆగిపోయే యంత్రంలో చాలాసార్లు దోషం ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ముది, ఎండిపోయిన థర్మల్ పేస్టుది. ఇన్ని ఆధారాలు ఉచితంగా దొరుకుతుంటే, వాటిలో ఒక్కటీ చూపకుండా ‘బోర్డు పోయింది’ అనడం చేతకానితనం. చూసి కూడా దాచడం మోసం.

నిర్ధారణ తర్వాతి మాట భద్రత. ఇక్కడ నిర్లక్ష్యానికి పరిహారం డబ్బుతో తీరదు. ల్యాప్‌టాప్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం లిథియం అయాన్ బ్యాటరీ. లోపల సెల్ చెడినా, మోతాదు మించి ఛార్జ్ అయినా, గుచ్చుకున్నా, వంగినా లోపలి ద్రావకం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. వేడి ఒక హద్దు దాటితే ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. అప్పుడు వచ్చే మంట ఆగడం కష్టం, పొగ విషం. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా, డిస్‌ప్లే సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. ఆ క్షణమే ఛార్జింగ్ ఆపాలి, యంత్రాన్ని ఆఫ్ చేయాలి. ‘ఇంకో నెల లాగుదాం’ అనుకోవడం ఇంటిల్లిపాదినీ ప్రమాదంలో పెట్టడం. ఉబ్బిన బ్యాటరీని నొక్కి సరిచేయాలని చూడటం, గుచ్చి గాలి తీయడం ఆత్మహత్యా సదృశం. అలాంటి బ్యాటరీని మండే వస్తువులకు దూరంగా ఉంచి, తెలిసినవారితో తీయించాలి. చెత్తబుట్టలో వేయకూడదు. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ప్రకారం వాటిని ఇంటి చెత్తతో కలపకుండా సేకరణ కేంద్రాలకు ఇవ్వడం వినియోగదారు విధి, వెనక్కి తీసుకోవడం ఉత్పత్తిదారు విధి.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. 2006 ఆగస్టులో డెల్ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. సోనీ తయారుచేసిన సెల్స్‌లో లోహపు రేణువులు చేరడమే కారణం. 2015 సెప్టెంబరు నుంచి 2017 ఫిబ్రవరి వరకు ప్రధానంగా అమ్ముడైన కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీలను యాపిల్ 2019 జూన్‌లో వెనక్కి పిలిచింది. ఆ ఏడాది ఆగస్టులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా వాటిని విమానాల్లోకి తేవద్దని ప్రయాణికులను హెచ్చరించింది. ప్రపంచంలో పేరున్న సంస్థల ఒరిజినల్ బ్యాటరీలకే ఈ గతి పట్టింది. ఇక పేరూ ఊరూ లేని, కొలతలకు సరిపోతే చాలన్నట్టు అమ్మే ‘కంపాటిబుల్’ సరుకు సంగతి చెప్పేదేముంది? లిథియం బ్యాటరీలకు మన దేశంలో బీఐఎస్ నమోదు తప్పనిసరి. దానికి వర్తించే ప్రమాణం ఐఎస్ 16046. బీఐఎస్ గుర్తు లేని బ్యాటరీని అమ్మే చేయి, కొనే చేయి రెండూ తప్పు చేసినట్టే.

సొంతంగా విప్పదలచినవారు కొన్ని హద్దులు దాటకూడదు. ముందు డేటాను వేరే చోట భద్రపరచాలి. విండోస్‌లో బిట్‌లాకర్ పనిచేస్తుంటే 48 అంకెల రికవరీ కీని రాసిపెట్టుకోవాలి. అది లేకపోతే బోర్డు మార్చాక డిస్క్ క్షేమంగా ఉన్నా దానిలోని చదువూ ఉద్యోగమూ తిరిగిరావు. ఛార్జింగ్ 25 శాతం లోపుకు తగ్గించాలి, అడాప్టర్ పీకాలి, ఆఫ్ చేయాలి. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్‌ను వేరుచేయాలి, తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. బ్యాటరీ కలిసి ఉండగా డిస్‌ప్లే కేబుల్ తీసిపెట్టినందుకే బ్యాక్‌లైట్ ఫ్యూజు కాలిపోయిన బోర్డులు మరమ్మతు బల్లల మీద కొల్లలు. స్థిర విద్యుత్తును తక్కువ అంచనా వేయకూడదు. మన వేలికి చురుక్కుమనాలంటే అది సుమారు 3,000 వోల్టులకు చేరాలి, చిప్‌ను చంపడానికి అందులో పదో వంతైనా అక్కర్లేదు. మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకోవడం ఆడంబరమనిపిస్తే ఆ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

స్క్రూలన్నీ ఒక్కలా కనిపించినా పొడవులు వేరు. చిన్నది ఉండవలసిన చోట పెద్దది బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి తీగలను తెంపుతుంది. కాబట్టి ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే అంటించాలి. ఎస్‌ఎస్‌డీ కొనేముందు సాటానా, ఎన్‌వీఎంఈనా అని చూడాలి. ఆకారం కలిసినంత మాత్రాన పనిచేయదు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. టిక్కుటిక్కుమంటున్న హార్డ్‌డిస్క్‌ను వెంటనే ఆపాలి, దాని మూత మాత్రం ఎవరూ ఇంట్లో తెరవకూడదు. అడాప్టర్‌నూ తెరవకూడదు. మన 230 వోల్టుల కరెంటు దానిలోని కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది, ప్లగ్గు పీకినా కొంతసేపు పొంచి ఉంటుంది. మొండిగా అతికించిన బ్యాటరీని ఇనప పనిముట్టుతో పెకలించడం వద్దే వద్దు.

ఈ ప్రమాదాలనే కంపెనీలు తమ వాదనగా వాడుకుంటున్నాయి. వినియోగదారుల క్షేమం కోసమే యంత్రాన్ని మూసి ఉంచామంటున్నాయి. ఈ వాదన నిలవదు. ప్రమాదం నిజమైతే దాన్ని తప్పించే పద్ధతిని అచ్చువేసి ఇవ్వాలి, దాచకూడదు. లెనోవో, హెచ్‌పీ, డెల్ తమ మోడళ్లు ఎన్నింటికో విప్పే క్రమాన్ని, స్క్రూల పొడవులతో సహా, మాన్యువళ్లలో బహిరంగంగా పెట్టాయి. వాటివల్ల లోకం మునిగిపోలేదు. అంటే ఇది సాధ్యమే. సాధ్యమని తెలిసీ మాన్యువల్ ఇవ్వనివారు, రెండు స్క్రూలతో నిలిచే బ్యాటరీని జిగురుతో అతికించేవారు, విడిభాగాన్ని బయట అమ్మనివారు భద్రతకు కాపలా కాయడం లేదు, బేరానికి కాస్తున్నారు. పలుచదనం కోసం అతికించక తప్పలేదన్న సాకు కూడా చెల్లదు. అరిగిపోవడం ఖాయమని తయారీదారుకే తెలిసిన భాగం బ్యాటరీ. అరిగేదాన్ని మార్చుకోలేకుండా బిగించడం, యంత్రం చావు తేదీని కొనేరోజే రాయడం.

ప్రపంచం ఈ సాకును ఇప్పటికే తోసిపుచ్చింది. ఏ యంత్రాన్ని ఎంత సులువుగా బాగుచేయవచ్చో 10కి మార్కులు వేసి ధర పక్కనే చూపాలని ఫ్రాన్స్ 2021 జనవరిలో నియమం పెట్టింది, తొలి జాబితాలోనే ల్యాప్‌టాప్‌లను చేర్చింది. ఐరోపా సమాఖ్య 2023 నాటి బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని వినియోగదారే తీసి మార్చుకోగలగాలి. వేడిచేయడం, రసాయనాలు పూయడం అవసరం కాకూడదు. చివరి యంత్రం మార్కెట్‌లోకి వచ్చిన తర్వాత కనీసం అయిదేళ్లు ఆ బ్యాటరీలు దొరకాలి. అక్కడ చేయగలిగిన కంపెనీలు ఇక్కడ చేయలేమంటే నమ్మవలసిన పని లేదు.

మన కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీలు మరమ్మతు సమాచారం పెట్టడానికి పోర్టల్ ప్రారంభించింది. 2025 మేలో రిపేరబిలిటీ ఇండెక్స్ మీద మరో కమిటీ నివేదిక ఇచ్చింది. అందులో తొలి ప్రాధాన్యం స్మార్ట్‌ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ దక్కింది. కమిటీలు మంచివే, పోర్టల్ మంచిదే. కానీ సమాచారం పెట్టమని కోరడం వేరు, పెట్టకపోతే దండించడం వేరు. విడిభాగాలను గుప్పిట్లో పెట్టుకున్నందుకు 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జరిమానాల మీద అప్పీళ్లు నడిచినా, అది ఎత్తిచూపిన సూత్రం స్పష్టం: వస్తువు అమ్మినవాడు దాని మరమ్మతును కూడా గుత్తకు తీసుకోరాదు. కార్లకు పనికొచ్చిన సూత్రం ల్యాప్‌టాప్‌లకు ఎందుకు పనికిరాదో ప్రభుత్వం జవాబు చెప్పాలి.

దుకాణాల బాధ్యతనూ తక్కువ చేసి చూపలేం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల, జిల్లా కేంద్రాల్లో ‘చిప్ లెవెల్ సర్వీస్’ అని రాసుకున్న గదుల్లో అసాధారణమైన పనివాళ్లున్నారు. కంపెనీలు పారేయమన్న బోర్డు మీద చెడిన ఒక్క కెపాసిటర్‌ను వెతికి మార్చి యంత్రాన్ని బతికించేవాళ్లు వాళ్లు. వాళ్ల విద్య దేశపు ఆస్తి. ఆ విద్యకు మచ్చ తెస్తున్నది పక్కనే ఉన్న అడ్డదారి: మంచి ర్యామ్ తీసి పాతది పెట్టడం, చెడిందన్న భాగాన్ని తిరిగి ఇవ్వకపోవడం, అడగకుండా డిస్క్ ఫార్మాట్ చేయడం, కస్టమర్ ఫోటోలు తెరిచి చూడటం. అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం ఐటీ చట్టం కింద శిక్షార్హం. ఈ తప్పులను బయటపెట్టవలసింది నిజాయతీ ఉన్న మెకానిక్కులే. ఐటీఐల్లో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సు ఎప్పటినుంచో ఉంది. అందులో లిథియం బ్యాటరీ భద్రతను, కస్టమర్ డేటా గోప్యతను పరీక్షాంశాలుగా చేర్చి, చేయి తిరిగిన పనివాళ్లకు కూడా సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాలూ తీసుకోవాలి.

నేరంలో వాటాలు సమానం కావు. మొదటి ముద్దాయి యంత్రాన్ని మూసి, మాన్యువల్‌ను దాచిన తయారీదారు. రెండో ముద్దాయి కమిటీలతో కాలం గడుపుతున్న కేంద్రం. పరీక్షించకుండా బిల్లు రాసే సర్వీస్ సెంటరూ దుకాణమూ మూడో స్థానంలో నిలుస్తాయి. ఉబ్బిన బ్యాటరీని చూస్తూ కూడా ఛార్జింగ్ పెట్టే వినియోగదారు చివరివాడే అయినా నిర్దోషి కాడు.

కాబట్టి కేంద్రం నాలుగు పనులు చేయాలి. రిపేరబిలిటీ మార్కులు ల్యాప్‌టాప్‌లకు తక్షణం వర్తించాలి, అవి తప్పనిసరి కావాలి. ఐరోపా గడువుకే మన దేశంలోనూ బ్యాటరీ వినియోగదారు మార్చుకోగలిగేలా ఉండాలి, మాన్యువలూ విడిభాగాలూ ఏ మెకానిక్‌కైనా దొరకాలి. ల్యాప్‌టాప్ అమ్మే ప్రతి దుకాణం పాత బ్యాటరీని తిరిగి తీసుకోవాలి. ఏ భాగం మార్చినా, ఏ పరీక్షలో ఏం తేలిందో రాసిచ్చి, పాత భాగాన్ని చేతికివ్వడం చట్టబద్ధమైన విధి కావాలి. అది జరిగేదాకా వినియోగదారులు ఆగనక్కర్లేదు. పరీక్ష ఫలితం, పాత భాగం, బిల్లు: ఈ మూడూ ఇవ్వనిచోట యంత్రం వదలకండి. నిరాకరిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, వినియోగదారుల కమిషన్ గడప తొక్కండి. రుజువు చూపలేని మరమ్మతుకు రూపాయి కూడా బాకీ లేదు.