నల్లతెరకు తెలుగు తగదన్న వాదము

“టెర్మినలులో తెలుగెందుకు సార్, ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టుకుంటే సరిపాయె గదా!” అని నంద్యాలలో కంప్యూటరు విద్య నేర్పు యువకుడొకడు మొన్న నాతో అనెను. ఆళ్లగడ్డ శిల్పుల ఇంట బుట్టిన విద్యార్థి యొకడు, తన తండ్రియు పినతండ్రులును చెక్కిన మూర్తుల ఫొటోలను, ఒక్కొక్క మూర్తికి సంబంధించిన అంగుళ ప్రమాణముల పట్టికలను, పావన నరసింహుడు, ఛత్రవట నరసింహుడు అని చక్కని తెలుగు పేర్లతో భద్రపరచుకొని, వానినన్నింటిని ఒక్కపెట్టున వేరొక ఫోల్డరునకు మార్చవలెనని చిన్న బ్యాచి ఫైలు వ్రాసికొనగా, నల్లతెరమీద దేవుని పేరుండవలసిన చోట ప్రశ్నార్థకముల వరుస నిలిచినది. ఆ బాలుని సందేహమునకు గురువిచ్చిన సమాధానము పై వాక్యమే. అది విన్నది మొదలు నా మనస్సు కుదుటబడలేదు.

ఈ మాట ఆ యువకుని స్వంతమైనచో ఇంత వ్రాయ బనిలేదు. ఇది మన ఇంజనీరింగు కళాశాలల ల్యాబులలో, కోచింగు సెంటర్లలో, ఉద్యోగములకు బోయి తిరిగివచ్చిన పెద్దల సలహాలలో, ఎవరును ప్రశ్నింపని సిద్ధాంతముగా స్థిరపడినది. కమాండు లైను ఇంగ్లీషువారి సొత్తట. అచ్చట తెలుగు వ్రాయగోరుట చాదస్తమట. మన లిపియే జటిలమైనదట. ఈ మూడు మాటలును అసత్యములు. అసత్యమని యెరిగి చెప్పువారు కొందరే. తెలిసికొను ప్రయత్నమే చేయక చెప్పువారు అసంఖ్యాకులు. నాకు కోపము వచ్చునది ఈ రెండవవారిమీదనే.

ముందుగా యంత్రము చేసిన నేరమెంత, మనుష్యుడు చేసిన నేరమెంత యని విడదీయవలెను. లినక్సు కెర్నెలునకు ఫైలు పేరనగా బైట్ల వరుస మాత్రమే; ఏటవాలు గీతయు శూన్య బైటును తప్ప మిగిలిన దేనినైనను అది అభ్యంతరము చెప్పక పుచ్చుకొనును. విండోసువారి ఎన్టీఎఫ్ఎస్ పేర్లను యూనికోడులోనే దాచును. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైకులు కూర్చిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణచిహ్నమొక్కొక్కటి 3 బైట్లు పట్టును గావున, ‘నంద్యాల’ 7 చిహ్నములు 21 బైట్లు, ‘ఆళ్లగడ్డ’ 8 చిహ్నములు 24 బైట్లు. ఇంతకు మించి యంత్రమునకు మన ఊళ్ల పేర్లతో పేచీ యేదియు లేదు. తెరపై గీయుటలోను, ఒక సంకేతము నుండి మరియొక సంకేతమునకు మార్చుటలోను మాత్రమే కష్టము పుట్టుచున్నది. అక్కడ కూర్చున్నవాడు మనుష్యుడు.

నల్లతెరపై తెలుగు చెడుట మూడు విధములు; వీనిని వేరుగా గుర్తింప నేర్పిన ఉపాధ్యాయుని నేనింతవరకు జూడలేదు. ఖాళీ డబ్బాలు కనబడినచో ఫాంటు లేదని యర్థము. పేరు లోపల క్షేమముగానే యున్నది. ఫ్రెంచివారు నెత్తిన వాలుగీత బెట్టి వ్రాయు అకారమును, దాని ప్రక్కనే ఉష్ణమాపకపు చిన్న సున్నయు లేదా కూడిక తీసివేతలు కలిసిన గుర్తును మాటిమాటికి కనబడినచో, తెలుగు బైట్లను పశ్చిమ ఐరోపా సంకేతపుటతో చదువుచున్నారని యర్థము; ఏలయన యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు చిహ్నమును 224 అను బైటుతో మొదలగును, రెండవది 176 గాని 177 గాని యగును, 1252 అను విండోసు సంకేతపుటలో ఆ సంఖ్యలకు ఆ గుర్తులే యున్నవి. ఇదియు నష్టము కాదు. చదువు పద్ధతి మార్చిన తెలుగు తిరిగివచ్చును. కాని ప్రశ్నార్థకము ఫైలులోనికే యెక్కినచో అది మరణవార్త. విండోసులో థాయి భాషకు 874, వియత్నామీసుకు 1258 అని పాత ఆన్సి సంకేతపుటలుండగా తెలుగునకు అట్టిది ఎన్నడును లేదు గనుక, పాత నోట్‌ప్యాడులో ఆన్సి యని యున్నదానిని మార్చక, వచ్చిన హెచ్చరికకు ఓకే నొక్కి భద్రపరచిన తెలుగు ఫైలులోని ప్రతి చిహ్నమును ప్రశ్నార్థకమైపోయి, మరి తిరిగిరాదు. ఆళ్లగడ్డ బాలునకు జరిగినది సరిగా నిదియే. యూటీఎఫ్-8లో, తలకట్టు గుర్తయిన బామ్ లేకుండ, భద్రపరచి, మొదటి పంక్తిలో సీహెచ్‌సీపీ 65001 అని వ్రాయవలెనని చెప్పుటకు గురువునకు ఒక్క నిమిషము చాలియుండును. ఆ నిమిషము వెచ్చింపక, ఆ బాలుని పేర్లన్నియు మార్చుకొమ్మనిరి!

ఇంగ్లీషు లిపిలో వ్రాసికొమ్మను ఈ సలహాయే నాకు అన్నిటికంటె అసహ్యమైనది. పావన నరసింహుని ఆ ఇరువదియారు అక్షరములతో వ్రాసినచో అది పవనమగునో పావనమగునో చెప్పజాలము. మాలోలుడు మలోలుడగును, ఛత్రవటము చత్రవతమగును. తాళమును తలమును, కోటయు కోతయు, పాటయు పాతయు, ఏకరూపములై నిలుచును. ఆళ్లగడ్డలోని తొలి దీర్ఘము పోవును, ళకారము లకారములో గలియును. అహోబిలము నవనారసింహ క్షేత్రము. అచ్చటి తొమ్మిది మూర్తులను ఆ లిపిలో ఫైలు పేర్లుగా పదిమంది చేత వ్రాయించి చూడుడు, ఏ రెండు పట్టికలును సరిపోలవు. సరిపోలని పేర్లను వెదకి పట్టుకొనుట షెల్లునకు సులభము గాదు. ఉత్తమ దశతాళమను మూర్తిప్రమాణమున 124 అంగుళములలో ఒక్క అంగుళము తప్పిన విగ్రహమును అంగీకరింపని శిల్పికి, దీర్ఘమేదో హ్రస్వమేదో తెలియని పేరుతో సరిపెట్టుకొమ్మనుట ఏమి న్యాయము? శిల్పశాస్త్రములో చెల్లని అలసత్వము కంప్యూటరు శాస్త్రములో ఎట్లు చెల్లును?

ఒకప్పుడు గత్యంతరము లేక ఇట్లు వ్రాసిన వారున్నారు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుచున్న తెలుగు విద్యార్థులు, ఏడు బిట్ల తెరలమీద తెలుగు మాట నిలుపవలెనని, చిన్నబడి పెద్దబడి ఆంగ్లాక్షరములను హ్రస్వ దీర్ఘములకు, త ట లకు కేటాయించి ఆర్టీఎస్ అను పద్ధతి గల్పించిరి. వారికి నేను చేతులెత్తి మ్రొక్కుదును. ఆ పద్ధతిలో ఒక్క వర్ణమును నష్టము కాలేదు. దానిని తిరిగి తెలుగులోనికి మార్చుకొనవచ్చును. నేటివారు సలహా యిచ్చునది ఆ పద్ధతి గాదు. బోర్డులమీదను పెండ్లిపత్రికలమీదను వ్రాయునట్లు తోచినట్లు వ్రాయుమనుటయే. ఆపద్ధర్మముగా పెద్దలు నిష్ఠతో చేసినదానిని వీరు నిష్ఠ విడిచి శాశ్వత ధర్మము చేసినారు.

నంద్యాలవారికి ఇచ్చట ఒక మాట గుర్తుచేయవలెను. 1991లో ఈ నియోజకవర్గము ఉపయెన్నికలో లోకసభకు పంపిన పాములపర్తి వేంకట నరసింహారావు గారు కోబాల్, బేసిక్ నేర్చి యూనిక్సుతో పరిచయము చేసికొన్నవారు. ‘వేయిపడగలు’ను హిందీలోనికి దెచ్చినవారును వారే. ఆ 1991లోనే భారతీయ ప్రమాణముల సంస్థ మన లిపుల సంకేతమైన ఇస్కీ అను 13194వ ప్రమాణమును వెలువరించెను. ఆ యేడే యూనికోడు తొలి సంపుటి వచ్చెను, అందు తెలుగునకు 128 స్థానములు ఏర్పడెను. తెలుగును నల్లతెరయు ఒక్క మనుష్యుని చేతిలో ఇమిడిన ఊరిలో, ఇన్నేండ్లకు, ఆ రెండును పొసగవని పిల్లలకు పాఠము చెప్పుచున్నారు!

ఇక లిపి జటిలమను వాదము. టెర్మినలు గడులతో కట్టిన తెర. చిహ్నమొక్కటికి గడి యొక్కటి యను నియమము ఆంగ్లాక్షరములకై పుట్టినది. ఐరోపావారి వాలుగీతల అక్షరములకు 1987లో ఐఎస్ఓ 8859-1 ప్రమాణము వచ్చినది. ఎవరును ఫ్రెంచివారిని గీతలు మానుకొండని శాసింపలేదు. జపానువారి అక్షరము ఒక గడిలో పట్టనందున దానికి రెండు గడులిచ్చిరి. జపానువారి లిపి దోషభూయిష్ఠమని యెవరు వ్రాసిరి? తెలుగు వంతు వచ్చునప్పటికి మాత్రము, నియమము తప్పుగాక లిపి తప్పైనది. ‘కా’ అను అక్షరమునకు ఒక గడి, ‘కు’ అను అక్షరమునకు రెండు గడులు, ‘స్త్రీ’కి మూడు గడులు లెక్కించి, కర్సరు ఒకచోట అక్షరమొకచోట నిలుచునట్లు చేసినది తెలుగు లిపి గాదు, ఆ లెక్క వ్రాసిన వాడు. అక్షరమన నేమో ఆ లోకమునకు ఎంత ఆలస్యముగా తెలిసినదో చూడుడు: ‘ద్యా’ను పొల్లు దకారముగా, ‘యా’గా విడగొట్టక ఒక్క అక్షరముగా నుంచవలెనను సూత్రము యూనికోడు సామాన్య నియమములలోనికి 2023లో, 15.1వ సంపుటిలో వచ్చినది. మన పల్లెటూరి బడిలో ఒత్తులు దిద్దించు పంతులమ్మకు ఈ సంగతి ఎన్నడో తెలియును.

అసాధ్యమన్నవారు చరిత్రయైనను చదువవలెను. కాన్పూరు ఐఐటీలో మొలకెత్తి పుణెలోని సీడాక్ చేతిలో పెరిగిన జిస్టు కార్డు, విండోసు మనయిండ్లకు రాకమునుపే, డాసు నల్లతెరమీద భారతీయ లిపులను ఒత్తులతో గుణింతములతో జూపినది. ఆనాటి బీద కంప్యూటరునకు చేతనైనది నేటి మహాయంత్రమునకు చేతగాదా? కేడీఈవారి కాన్సోలు, ఎంఎల్‌టర్ము వంటి టెర్మినళ్లు లోపములున్నను ఒత్తులను కలిపి చూపు ప్రయత్నము చేయుచునే యున్నవి.

2018 ఫిబ్రవరిలో జరిగినది కూడ ఈ సందర్భమున నా మనస్సును బాధించుచున్నది. ‘జ్ఞా’ను పోలిన వర్ణసమూహమొకటి, నడుమ కనబడని చిహ్నముతో సందేశములో వచ్చినంతనే ఐఫోనులు స్తంభించినవి; లోకమంతటను తెలుగు అక్షరము ఫోనులను చంపుచున్నదని శీర్షికలు వచ్చినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే 11.2.6 అను సవరణ వెలువరించి తన దోషమును తాను దిద్దుకొన్నది. అక్షరమునకు ఏ సవరణయు అవసరము కాలేదు. కాని తెలుగువారే కొందరు ఆ శీర్షికలను పంచుకొని నవ్విరి! జ్ఞానమునకు మొదటి అక్షరమైనదానిని హంతకియని పిలుచుచుండగా నవ్వు ఎట్లు వచ్చినదో నాకు నేటికిని బోధపడదు.

కీబోర్డు లేదందురు, ఇన్‌స్క్రిప్టు ప్రతి కంప్యూటరులోను ఉన్నది. ఉద్యోగములలో అడుగరందురు, అడిగినవి మాత్రమే నేర్పుట బడి పని గాదు. ఈ వాదములకు ఇంతకుమించి చోటీయను.

చేయవలసినదేమని యడిగినచో, నంద్యాల కళాశాలల ల్యాబులలో మొదటి తరగతిననే పిల్లలచేత తమ ఊరి పేరుతో తెలుగులో ఒక ఫోల్డరు చేయించి, అది చెడిన విధమును వారిచేతనే గుర్తింపజేయవలెను. ఆ మూడు విధములను చూచినవాడు సంకేతపుటలను జన్మలో మరువడు. లినక్సులో ఫైలు పేరునకు 255 బైట్లే గనుక తెలుగున 85 చిహ్నములు మించరాదని అప్పుడే చెప్పవలెను. రెండవది, నల్లతెరకు తగిన తెలుగు ఫాంటు గావలెను: అక్షరమేదైనను, ఒత్తులెన్నియున్నను, నిండు గడులలో, ఒకటి గాని రెండు గాని మూడు గాని, ఇమిడి నిలుచునట్టిది. దానిని అచ్చక్షరములు గీయువారును టెర్మినళ్లు వ్రాయువారును కూర్చుండి కలిసి చేయవలెను. రాతిపై అక్షరమునకు వెడల్పు నిర్ణయించి చెక్కువారు ఆళ్లగడ్డలోనే యున్నారు, వారినిగూడ పిలువవలెను. ధనమెవరిచ్చెదరు, ఎన్నాళ్లు పట్టును అనువానిని పనికి బూనుకొన్నవారు తేల్చుకొందురు. అంతవరకు ఆ బాలుని ఫైళ్ల పేర్లు తెలుగులోనే యుండనిండు.