ఇల్లు - ఇల్లాలు: గీజరు నీళ్ళు కాగనప్పుడు



నర్సంపేట దగ్గరి పల్లె నుండి ఒక సహోదరి ఉత్తరం రాసింది. "అక్కయ్యా, మా అబ్బాయి నిరుడు గీజరు పెట్టించాడు. పది రోజులుగా స్విచ్చి వేస్తే ఎర్ర లైటు వెలుగుతోంది గాని నీళ్ళు చల్లగానే వస్తున్నాయి. మా అత్తమ్మకు కీళ్ళ నొప్పులు, ఈ చలిలో చన్నీళ్ళు పోసుకోలేదు. మెకానిక్‌కు చూపిస్తే మొత్తం గీజరే మార్చాలంటున్నాడు. అంత డబ్బు ఎక్కడిది? ఏం చేయమంటారు?"

అమ్మా, తొందరపడి కొనకండి. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. అది చెప్పే ముందు మా యింట్లో జరిగినది చెప్పాలి. అప్పుడు నాకూ ఏమీ తెలియదు.

మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు హనుమకొండలో మా యింటికి వచ్చింది. జనవరి నెల. ఆసుపత్రి నుండి తల్లీ బిడ్డ ఇంటికి చేరిన మరునాడే గీజరు ఆగిపోయింది. బాలింతకు, పసిబిడ్డకు పొద్దున్నే వేడినీళ్ళు కావాలి గదా. ఒకతను వచ్చి చూసి, పైన చెయ్యి పెట్టి తట్టి, "ట్యాంకు పోయిందమ్మా, కొత్తది తెచ్చుకోండి" అని వెళ్ళిపోయాడు. మూత కూడా విప్పలేదు. మా వారు అప్పటికే డబ్బు కోసం చీటీ పాట ఆయన దగ్గరికి బయలుదేరుతున్నారు. ఇంతలో పక్కింటి పిల్లవాడు, ఐ.టి.ఐ. చదువుతున్నవాడు, వచ్చి మెయిను ఆపి ప్లగ్గు పీకి చూశాడు. ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. సాకెట్టు లోపల ప్లాస్టిక్కు కరిగిపోయింది. గీజరుకు ఏ జబ్బూ లేదు! సాకెట్టు, ప్లగ్గు మార్చగానే పనిచేసింది. ఆ పాత గీజరు తరువాత మరి ఆరేళ్ళు నడిచింది.

అది ఎందుకు మాడిందో తెలుసుకుంటే మీకు సగం పని తెలిసినట్టే. ఇంటి గీజరు సాధారణంగా 2000 వాట్లది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యాను, టీవీ పెట్టుకునే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే సరిపోతుంది. గీజరుకు మూడు లావు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన లావు వైరు ఉండాలి. పిన్నులు వదులుగా ఉన్నా అక్కడ వేడి పుట్టి మాడుతుంది. కాబట్టి నీళ్ళు కాగకపోతే ముందు గీజరును అనుమానించకండి, గోడను అనుమానించండి. వాసన వస్తోందా, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ ఉందా, ఎం.సి.బి. కిందికి పడి ఉందా, చూడండి.

గోడ బాగుంటే అప్పుడు లైటును చూడాలి. గీజరు లోపల ఉన్నవి నాలుగే వస్తువులు అనుకోండి. నీళ్ళ ట్యాంకు, నీళ్ళలో మునిగి ఉండే కాయిల్, నీళ్ళు తగినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అది చెడిపోయి నీళ్ళు మరీ మరిగే ప్రమాదం వస్తే ఆపేసే కటవుట్. చాలా గీజర్లలో ఎర్ర లైటు వెలగాలంటే కరెంటు ఈ కటవుట్, థర్మోస్టాట్ రెండింటినీ దాటి రావాలి. కనుక లైటు వెలుగుతూ నీళ్ళు చల్లగా ఉంటే అంతవరకు దారి బాగానే ఉంది, కాయిల్ తెగిపోయి ఉంటుంది, లేదా దాని కొసన ఉన్న తీగ ఊడి ఉంటుంది. నర్సంపేట సహోదరీ, మీది ఇదే అయి ఉండాలి. కాయిల్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. ట్యాంకు కారడం లేదంటే గీజరంతా మార్చవలసిన పని లేదు. మెకానిక్‌ను "మీటరు పెట్టి కాయిల్ చూశావా నాయనా?" అని అడగండి. చూడలేదంటే మరొకరిని పిలవండి.

లైటే వెలగకపోతే కటవుట్ పడి ఉండవచ్చు. కొన్నింటిలో దానికి ఒక చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది. మెయిను ఆపి, నీళ్ళు చల్లారిన తరువాత నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది. ఒకసారి నొక్కవచ్చు. మరునాడు మళ్ళీ పడితే ఇక నొక్కకండి, థర్మోస్టాట్ అతుక్కుపోయిందని అర్థం. అది ఊరికే పడదు, ఇంటివాళ్ళను కాపాడడానికే పడుతుంది. దాన్ని తీసేసి తీగతో కలిపి పనిచేయించే మెకానిక్కులు ఉన్నారు. అలాంటి వారిని గడప తొక్కనివ్వకండి. స్విచ్చి వేయగానే ఎం.సి.బి. పడిపోతుంటే కాయిల్ పగిలి కరెంటు నీళ్ళలోకి దిగుతోందేమోనని భయపడాలి. అప్పుడు ఆ కుళాయిని కూడా తాకవద్దు.

పల్లెల్లో మరో కష్టం ఉంది. గీజరు బాగానే ఉంటుంది, కరెంటే బలహీనంగా వస్తుంది. 15 లీటర్ల నీళ్ళు మామూలు చల్లదనం నుండి 60 డిగ్రీలకు రావాలంటే 230 వోల్టుల దగ్గర సుమారు 18 నిమిషాలు చాలు. వోల్టేజి 180కి పడిపోతే గీజరు బలం కొంచెం కాదు, దాదాపు నలభై వంతులు తగ్గుతుంది (నూటికి). అవే నీళ్ళకు అరగంట పడుతుంది. అందరూ మోటార్లు వేసే వేళకు గీజరు వేసి "కాగడం లేదు" అని గీజరును తిట్టేవారు ఎందరో! గంట ముందుగానో, ఆలస్యంగానో వేసి చూడండి. కాగితే జబ్బు గీజరులో లేదన్నమాట.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. వరంగల్ నగరంలో కుళాయిలకు ధర్మసాగరం, వడ్డేపల్లి వంటి చెరువుల నీళ్ళు వస్తాయి. వాటిలో సున్నం తక్కువ. ఊళ్ళలో బోరు నీళ్ళు అలా కాదు. నీళ్ళు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పొర పడుతుంది చూడండి, అదే పొర గీజరు కాయిల్‌కు కూడా పడుతుంది. రాతిలాంటి ఆ పొర వేడిని నీళ్ళకు పోనివ్వదు. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, బిల్లు పెరుగుతుంది, లోపల వేడి నిలిచిపోయి చివరికి కాయిల్ కాలిపోతుంది. స్విచ్చి వేస్తే గీజరు లోపల చిటపటమని శబ్దం వస్తోందంటే పొర పేరుకుందని గుర్తు. బోరు నీళ్ళవారు ఏడాదికొకసారి విప్పించి శుభ్రం చేయించాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, అది కరిగిపోయిందేమో అప్పుడే చూడమనండి. వేడిని 50 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే పొర కూడా తక్కువగా పడుతుంది. మరిగే నీళ్ళు తెచ్చుకుని చన్నీళ్ళు కలుపుకోవడంలో ఏం లాభం?

గీజరు కింద చిన్న వాల్వు నుండి నీళ్ళు కాగేటప్పుడు చుక్కలు పడుతుంటాయి. వేడికి నీళ్ళు ఉబ్బుతాయి కనుక ఆ దారి పెట్టారు. "కారుతోంది" అని దానికి గుడ్డ కుక్కి, ఎం-సీల్ పెట్టి మూసినవారిని నేను చూశాను. లోపలి ఒత్తిడి పోవడానికి దారి లేకపోతే ట్యాంకు పేలుతుంది. దాన్ని ఎప్పుడూ మూయకండి.

గీజరు అనే మాట ఐస్లాండు దేశంలోని ఒక వేడినీటి ఊట పేరు నుండి వచ్చింది. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. ఊటల కోసం ఐస్లాండు దాకా పోనక్కరలేదు. మన మణుగూరు దగ్గర పగిడేరులో భూమి నుండే వేడినీళ్ళు వస్తాయి. ఆ ఊరివారికి నా ఈ ఉత్తరంతో పనే లేదు!

గ్యాసు గీజరు ఉన్నవారికి ఒక మాట. దాన్ని స్నానాల గది బయట పెట్టించండి. మూసిన గదిలో అది మండితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుంది, మనిషి తెలియకుండానే సొమ్మసిల్లిపోతాడు.

ఇక మా యింటి కథలో మిగిలిన భాగం. సాకెట్టు మార్చిన ఆ పిల్లవాడు వచ్చే లోపల మా అల్లుడు అంగట్లో నుండి నీళ్ళలో పెట్టే రాడ్డు ఒకటి తెచ్చాడు. ఇనుప బకెట్టులో వేసి స్విచ్చి వేశాడు. ఎర్తు పిన్ను లేని రెండు పిన్నుల ప్లగ్గు. మా అమ్మ, పాపకు ముత్తవ్వ, నీళ్ళు పాపకు సరిపోతాయో లేదో చూద్దామని వేలు పెట్టింది. అంతే, వెనక్కి విరుచుకుపడింది. వెనుక గోడ లేకపోతే తల రాయికి తగిలేది. రాత్రంతా చెయ్యి మొద్దుబారిపోయింది. "చలికి వణికాను బిడ్డా" అని అల్లుడు నొచ్చుకోకుండా మాట దాటేసింది గాని, ఆ రాత్రి మేమెవరం నిద్రపోలేదు.

రాడ్డు వాడవద్దని నేననను, చాలా ఇళ్ళలో అదే ఆధారం. మూడు పిన్నులది, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది కొనండి. ప్లాస్టిక్ బకెట్టులో, గుర్తు గీసిన మట్టం వరకు మునిగేలా పెట్టాక స్విచ్చి వేయండి. నీళ్ళు చూడాలంటే స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు పీకి రాడ్డు తీసిన తరువాతే చెయ్యి పెట్టాలి. పిల్లలు తిరిగే చోట అసలు వద్దు. ఇంటికి ఎర్తు సరిగా ఉందో లేదో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో కరెంటు పని తెలిసినవారితో ఒకసారి చూపించండి. శరీరం గుండా కరెంటు పోతే అది రెప్పపాటులో ఆపేస్తుంది. గీజరు ఉన్న ఇంట్లో గీజరు కన్నా ముందు కొనవలసింది అదే.

పసిబిడ్డ స్నానానికి తొట్టిలో ముందు చన్నీళ్ళు పోసి తరువాత వేడినీళ్ళు కలపండి. అరచెయ్యి మొరటుగా ఉంటుంది, అది మనకు చెప్పదు. మోచేయి పెట్టి చూడండి.

ఆ రోజు పాపకు స్నానం ఎలా అయిందంటారా? వెనక వీధిలో ఉండే చిన్నమ్మ కట్టెల పొయ్యి మీద పెద్ద కాగుతో నీళ్ళు కాచి, రెండు బిందెల్లో తన కొడుకుతో పంపింది. మా అమ్మ ఎడమ చేతితోనే పాపకు పోసింది.

నర్సంపేట సహోదరీ, కాయిల్ చూపించి ఏమన్నారో మళ్ళీ రాయండి.