ఇంటి ముచ్చటలు: గొలుసునకు పట్టిన బురద



మన నగరమున టాంకు అనగానే హుస్సేనుసాగరపు కట్ట తలపునకు వచ్చును. ఈ మాసము నేను వ్రాయునది ఆ టాంకును గూర్చి కాదు. యుద్ధపు టాంకు, అందును బొమ్మటాంకు గొలుసునకు రంగు వేయుటను గూర్చి. నవ్వకుడు. మగపిల్లలున్న యిండ్లలో నిది పనికివచ్చు విద్యయే.

మా పెద్దవానికి వాని మేనమామ సెంచూరియను టాంకు నమూనా నొకదానిని పంపెను. అసలు బండి 50 టన్నుల పైమాట. ఇది పొడవున దానిలో 35వ వంతు. కూర్పు చక్కగనే ముగిసినది. చక్రముల చుట్టు తిరుగు గొలుసు మాత్రము మెత్తని ప్లాస్టికు పట్టీ. వాడు దానికి నిగనిగలాడు నల్ల ఎనామెలు పూసి, ఆరిన పిదప వంచి తొడుగగా రంగు పెచ్చులుగా నూడిపోయెను. వాని కంట నీరు.

మా నాయనగారు కండ్లజోడు సవరించుకొని చూచి, "బూటువలె నల్లగా నుండుట కిదేమి, బిడ్డా? గజమైనను నడువని బండి యిది" అనిరి. వారు 1971లో బసంతరు నదికడ సెంచూరియను నడిపినవారు. ఏటేట డిసెంబరు 16న మౌనముగా కూర్చుండుటే కాని ఆ యుద్ధమును గూర్చి నా యెదుట నొక్కమాట యని యెరుగరు.

పాతరంగు గీకివేసి, పట్టీని సబ్బునీట కడిగి యారబెట్టితిమి. క్రొత్త ప్లాస్టికునకు అచ్చునూనె యంటియుండును. అది పోనిదే రంగు పట్టదు. పిమ్మట నీటితో కలుపు ఆక్రిలికు రంగు, ముదురు గోధుమవన్నెది, పలుచగా రెండు పూతలు. నిజాము అలీఖాను బేగము వర్తకుల కిచ్చిన నేలపై వెలసినదని చెప్పు మా బేగంబజారులో జేగురు, తుమ్మబంక దొరకుట కష్టమా? బొగ్గు ఇస్త్రీవాని యొద్ద దొరకినది. జేగురు, బొగ్గుపొడి బంకనీట కలిపి పల్లములలో నింపి, మిట్టలను తడిగుడ్డతో తుడిచితిమి. మన రోకలిపొన్ను చూడుడు: గింజను తాకు అంచు వెండివలె మెరయును, ప్రక్కలు త్రుప్పుపట్టియుండును. గొలుసును నంతియే. నేల నొరయు మిట్టలపై పెన్సిలు సీసపుపొడి వ్రేలితో రుద్దగా ఇనుపమెరుపు వచ్చినది.

ఇక బురద. వాడు జేగురే దట్టముగా పూయబోగా నాయనగారు చేయి పట్టుకొనిరి. "అది మన తెలంగాణపు ఎఱ్ఱమన్ను కాదు, ఏటి ఒండ్రు. ఎండిన తెల్లవారును." మావారు బడినుండి తెచ్చిన సుద్దముక్కలు నూరి, చిటికెడు బొగ్గు చేర్చితిమి. తడిమీద నల్లగా తోచి ఆరిన వెలవెలబోవును గనుక, ఆరిన పిదపనే రెండవమారు పూయవలెను.

ఆ పూత ఆరునంతలో వారు తామే మాటలాడసాగిరి. ఏటి కావల నేలనిండ మందుపాతరలు. ఒకటి పేలిన గొలుసు తెగి చచ్చిన పామువలె పడును. రాత్రి నిలిచినప్పుడెల్ల సుత్తితో మేకుల నొక్కొక్కటిగ తట్టి చూచువారట.

"ఈ లంకె నొక్కదానిని బురద లేక క్రొత్తగా నుంచు, బిడ్డా. ముందునాడే మార్చితిమి. సమ్మెట పట్టినవాడు నా జతగాడు. మఱునాడు లేడు."

వాడేమియు నడుగక ఆ లంకెను శుభ్రముగా తుడిచెను.

బండి యిప్పుడు అలమరలో నున్నది. దుమ్ము దులుపునపుడు గొలుసు జోలికి పోరాదని నాకు నాయనగారి యాజ్ఞ.