అడుగకముందే పెంపు

భివండీ ప్రాంతమందు మన తెలుగువారిలో పెక్కురు మరమగ్గములపై బ్రతుకువారు. నేసిన మీటరునకు ఇంత యని కూలి పుచ్చుకొందుము. ధరలు హెచ్చినపుడు నలుగురము కూడి రేటు పెంచుమని యడుగుదుము. మన యింట అంట్లు తోమి, ఇల్లూడ్చు నామెకు అట్టి తోడు లేదు. పని పోవునేమో యని వెరచి ఆమె మిన్నకుండును.

మహారాష్ట్రలో 2008లో గృహకార్మికుల సంక్షేమ మండలికై చట్టమైనది. ఐనను నెలజీతమెంత యన్నది ఆచరణలో ఇంటివారి మాటయే. ధరలు ఏటేట నూటికి ఆరు వంతున పెరిగినచో, పెంచని 1000 రూపాయల జీతము రెండేండ్లకు 890 రూపాయల విలువకు దిగును. దీపావళికిచ్చు చీర దీనిని పూడ్చజాలదు.

కావున ఏ పనికెంత యని ముందే చెప్పుకొని, ఏడాదికొకమారు ఆమె యడుగకముందే పెంచుదము. మన కూలికి కోరు న్యాయమే ఆమె కూలికిని న్యాయము.