ముక్కు విరిగిన వీరుడు

పిల్లలూ! మాది చెంగిచెర్ల. నా చిన్నతనంలో మా వాకిట వేపచెట్టుకు ఒరిగి ఒక రాతిపలక వుండేది. దానిమీద కత్తీ డాలూ పట్టిన మనిషి బొమ్మ. మాకు అదే జారుడుబండ!

ఒకనాడు ఆ బొమ్మ చెంప పక్క గుంటలో బాదంకాయ పెట్టి గుండ్రాయితో కొట్టాను. దెబ్బ తప్పింది. బొమ్మ ముక్కు ఎగిరిపోయింది.

తాత చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. "బిడ్డా, ఇన్నేళ్ళు ఎండకూ వానకూ చెడని మొఖం నీ చేతుల ఖరాబైంది" అన్నాడు. అంతే.

అది వీరగల్లు అని పెద్దయ్యాక తెలిసింది. ఊరికోసమో, పశువుల మందకోసమో పోరాడి చనిపోయినవాడి గుర్తుగా నిలిపే రాయి అది. కాకతీయుల కాలంనాటివి తెలంగాణలో అనేకం వున్నాయి. కొన్నిటిలో మూడు అంతస్తులుంటాయి. కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన శివుని సన్నిధి. కొసన సూర్యచంద్రులు. వారున్నంతకాలం వీరుని పేరు వుండాలని అర్థం.

మన హైదరాబాదు చుట్టూ వున్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటిది. నేలలోపల కరిగివున్న శిల మెల్లగా చల్లారి అంత గట్టిపడింది. అటువంటి రాతిలో శిల్పి ఓర్పుతో చెక్కిన ముక్కును నేను ఒక్క దెబ్బతో పోగొట్టాను. దాన్ని మళ్ళీ అతికించగలవారెవరు?

మీ ఊళ్ళో అలాటి రాయి కనిపిస్తే ఎక్కకండి, రంగులు పూయకండి. ఎదుట కూర్చుని కిందినుంచి పైకి చూడండి. పేరు తెలియని ఆ వీరుడు తన కథ తానే చెబుతాడు.