ఫోన్ ఆపమన్నది ఎవరు?

మీ ఫోన్‌ను ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ఆపకూడదో ముక్కూమొహం తెలియని మనిషి చెబుతున్నాడంటే ఆ క్షణమే అనుమానించండి. ‘మీ సిమ్ అప్‌గ్రేడ్ అవుతోందండీ, రెండు గంటలు స్విచ్ఛాఫ్ చేసి పక్కన పెట్టండి’ అని ఒకడు మర్యాదగా చెబుతాడు. ‘కాల్ కట్ చేశావో, పది నిమిషాల్లో పోలీసులు మీ ఇంటి ముందుంటారు. చార్జర్ పెట్టుకుని కెమెరా ముందే కూర్చో’ అని ఇంకొకడు గద్దిస్తాడు. ఒకడికి మీ ఫోన్ మూగబోవాలి, ఇంకొకడికి అది తెల్లవార్లూ వెలుగుతూనే ఉండాలి. ఇద్దరి కన్నూ మీ బ్యాంకు ఖాతా మీదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో రిటైరైన ఉపాధ్యాయుల నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల దాకా ఎందరో ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి నమ్మి, జీవితకాలం కూడబెట్టుకున్నది ఒక్క పూటలో పోగొట్టుకుంటున్నారు. పవర్ బటన్ మీద పెత్తనం మీ ఒక్కరిదే. దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వకండి.

ముందు గద్దించేవాడి సంగతి. ‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. పోలీసులు గానీ, సీబీఐ, ఈడీ, కస్టమ్స్ అధికారులు గానీ వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరు, ‘పరిశీలన కోసం’ మీ డబ్బును వేరే ఖాతాకు పంపమని అడగరు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని స్వయంగా ఈ మోసం తీరు వివరించారు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అయినా ఈ మోసం ఆగలేదు. అమాయకులే మోసపోతారన్న మాటను ఇక కట్టిపెట్టవచ్చు. 2024 ఆగస్టులో ఇదే ఉచ్చులో పడి 7 కోట్ల రూపాయలు పంపిన ఎస్.పి.ఓస్వాల్, పద్మభూషణ్ పొందిన పారిశ్రామికవేత్త, వర్ధమాన్ గ్రూపు అధినేత. కేటుగాళ్లు ఆయన ముందు ఏకంగా నకిలీ సుప్రీంకోర్టు విచారణనే వీడియోలో నడిపించారు.

ఈ మోసమంతా ఒక్క విషయం మీద నిలబడింది: ఫోన్ ఆగకూడదు. కాల్ నడుస్తున్నంతసేపూ మీరు ఇంకెవరితోనూ మాట్లాడలేరు. భార్యకు చెప్పలేరు, పక్కింటివారిని పిలవలేరు, నిద్రపోలేరు. బాత్రూముకు వెళ్లాలన్నా వాడి అనుమతి కావాలి. బ్యాంకుకు వెళ్లేటప్పుడు కూడా ఫోన్‌ను చొక్కా జేబులో ఆన్‌లోనే ఉంచమంటాడు, మేనేజరు ఏమడిగాడో, మీరేం చెప్పారో వినాలి కదా. పదిహేను గంటలు అలా గడిస్తే ఎంతటి చదువరికైనా బుర్ర పనిచేయడం మానేస్తుంది. కాబట్టి అలాంటి కాల్ వచ్చినప్పుడు వాదన వద్దు, ప్రశ్నలు వద్దు, నేను నిర్దోషినని నిరూపించుకునే తాపత్రయం అసలే వద్దు. ఫోన్ ఆపేయండి. పూర్తిగా స్విచ్ఛాఫ్ చేయండి. ఏమీ కాదు. తలుపు తట్టేవాడెవడూ రాడు. లేచి వెళ్లి ఇంట్లో ఎవరితోనైనా, లేదంటే ఎదురింట్లోనైనా జరిగింది చెప్పండి. ఆ తర్వాత వేరే ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

ఇక్కడో చిక్కుంది. చాలామంది పెద్దవాళ్లకు కొత్త ఫోన్‌ను ఎలా ఆపాలో తెలియదు. అది వాళ్ల తప్పు కాదు. ఇదివరకు పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ ఆగేది, ఇప్పుడు చాలా ఫోన్లలో అలా నొక్కితే ‘ఏం కావాలి?’ అంటూ అసిస్టెంట్ పలుకుతుంది. పవర్ బటన్‌తోపాటు వాల్యూమ్ బటన్ కూడా కలిపి నొక్కాలి. తెర బిగుసుకుపోయి ఏ బటన్‌కూ స్పందించకపోతే బలవంతంగా రీస్టార్ట్ చేసే పద్ధతి ఉంది. శాంసంగ్‌లో పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి ఏడెనిమిది సెకన్లకు పైగా పట్టుకోవాలి. ఇటీవలి ఐఫోన్లలో వాల్యూమ్ పెంచే బటన్‌ను ఒకసారి, తగ్గించే బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్‌ను యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. ఈ ఆదివారం మీ అమ్మానాన్నల చేత ఒకసారి చేయించి చూడండి. కంగారులో పవర్ బటన్‌ను టకటకా నొక్కితే కొన్ని ఫోన్లలో 112కు అత్యవసర కాల్ వెళ్తుంది. వెళ్లనివ్వండి, నకిలీ పోలీసు లైన్లో ఉండగా అసలు పోలీసు పలికితే నష్టమేముంది?

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తల్లిదండ్రులు ఇంకో మాట వినాలి. ‘మీ అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడు, కాల్ కట్ చేయకుండా డబ్బు పంపండి’ అంటూ పోలీసు ఫొటో పెట్టుకున్న వాట్సాప్ నంబర్ల నుంచి కాల్స్ వస్తున్నాయి. అక్కడ అర్ధరాత్రి, పిల్లవాడు ఫోన్ ఆపి పడుకున్న వేళ అలాంటి కాల్ వచ్చిందనుకోండి, మీరు ప్రయత్నించినా అతను దొరకడు, భయం రెట్టింపవుతుంది. అతని రూమ్మేట్ నంబరు, దగ్గరి స్నేహితుడి నంబరు డైరీలో రాసి పెట్టుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద.

ఇక మర్యాదగా మాట్లాడేవాడు. వీడు ఎక్కువ ప్రమాదకారి అని మా అభిప్రాయం, ఎందుకంటే వీడి మాట సహజంగా ఉంటుంది. నెట్‌వర్క్ మారుతోందనో, ఈసిమ్‌గా మారుస్తున్నామనో, ఒక లింకు నొక్కమనో, ఒక సందేశానికి జవాబివ్వమనో అడుగుతాడు. కాసేపు సిగ్నల్ ఉండదు, కంగారు పడొద్దు, ఫోన్ ఆపి ఉంచండి అంటాడు. ఈలోగా మీ నంబరు వాడి చేతిలోని సిమ్‌లోకి వెళ్లిపోతుంది. ఓటీపీలు వాడికే వస్తాయి. మీ ఫోన్ మాత్రం మీరే ఆపుకున్నారు గనుక ఏం జరుగుతోందో మీకు తెలిసే దారి లేదు. కొందరైతే ఏమీ అడగరు, గంటల తరబడి ఊరూపేరూ లేని కాల్స్‌తో విసిగించి మీ అంతట మీరే ఫోన్ ఆపేసేలా చేస్తారు. అలా వరసగా కాల్స్ వస్తుంటే సైలెంట్‌లో పెట్టండి గానీ ఫోన్ ఆపకండి.

ఉన్నట్టుండి సిగ్నల్ పోతే? ఒక్కసారి రీస్టార్ట్ చేయండి. టవర్ సమస్యో, ఫోన్‌ది తాత్కాలిక మొరాయింపో అయితే అప్పుడే సర్దుకుంటుంది. అప్పటికీ రాకపోతే, ఇంట్లో అదే కంపెనీ సిమ్ ఉన్న మరో ఫోన్‌కు సిగ్నల్ ఉంటే, పొద్దున్నే చూద్దాంలే అనుకోవద్దు. వెంటనే వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత సిమ్ కంపెనీకి కాల్ చేసి ఖాతా, సిమ్ రెండూ నిలిపివేయించండి. ఆలస్యం చేస్తే తెల్లారేసరికి ఖాతాలో మిగిలేది బ్యాంకు పేరు మాత్రమే.

మూడో ప్రమాదానికి మీరు ఫోన్ ఆపినా, ఆపకపోయినా ఒకటే. వాట్సాప్‌లో ‘ట్రాఫిక్ చలానా’, ‘పీఎం కిసాన్’, ‘పెళ్లి పత్రిక’ పేర్లతో ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లు తిరుగుతున్నాయి. తెలిసినవారి నంబరు నుంచే వస్తాయి, అప్పటికే వాళ్ల ఫోన్ చిక్కింది గనుక. అది ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కూడా ఇచ్చాక, ఏదో తేడాగా ఉందని చాలామంది చేసే పని ఫోన్ ఆపి మళ్లీ వేయడం. ఫోన్ మామూలుగా కనిపించగానే ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ యాప్ ఫోన్ లేవగానే తానూ లేచేలా రాసిపెట్టి ఉంటుంది. రీస్టార్ట్‌తో అది పోదు. నొక్కామని తెలిసిన వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి, 1930కి ఫిర్యాదు చేయండి. పాస్‌వర్డులు మార్చడం కూడా ఆ ఫోన్లో వద్దు. ఫోన్‌ను పూర్తిగా ఫార్మాట్ చేయాల్సి వస్తుంది గానీ ఫిర్యాదు నమోదై, ఆధారాలు భద్రమయ్యాకే ఆ పని. తొందరపడి చెరిపేస్తే దొంగ పని తేలికవుతుంది. ‘బ్రాటా’ అనే ఆండ్రాయిడ్ వైరస్ డబ్బు కాజేశాక ఫోన్‌ను తానే ఫార్మాట్ చేసేస్తోందని 2022 జనవరిలో ఇటలీకి చెందిన క్లీఫీ సంస్థ బయటపెట్టింది. ఆనవాళ్లు ఉండకూడదని దొంగకు అంత ఆత్రం.

ఇంతకీ ఫోన్‌ను అప్పుడప్పుడూ ఆపి వేయడం మంచిదేనా అంటే, నిస్సందేహంగా మంచిదే. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2020లో విడుదల చేసిన సూచనల్లో వారానికోసారి ఫోన్‌ను ఆపి మళ్లీ వేయమంది. 2023లో ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీస్ ప్రజలకు రోజూ రాత్రి అయిదు నిమిషాలు ఆపమని చెప్పారు. కొన్ని ఖరీదైన నిఘా వైరస్‌లు ఫోన్ మెమరీలోనే బతుకుతాయి, కరెంటు తీయగానే పోతాయి. 2023లో క్యాస్పర్‌స్కీ తమ సొంత ఉద్యోగుల ఐఫోన్లలో కనిపెట్టినది అలాంటిదే. అయితే దాడి చేసినవాళ్లు మళ్లీ ఎక్కించగలరు, అందుకే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వేసుకోకుండా రీస్టార్ట్ ఒక్కటే చాలనుకోకూడదు. మామూలు జనానికి దీనివల్ల పెద్ద లాభం వేరే ఉంది. ఫోన్ ఆగి లేచాక మీరు ఒకసారి పిన్ కొట్టేదాకా అందులోని సమాచారం తాళంలోనే ఉంటుంది, వేలిముద్ర, ముఖం చెల్లవు. పోయిన ఫోన్ ఎవరి చేతిలోనో పడినప్పుడు అక్కరకొచ్చేది ఇదే. 2024లో ఐఓఎస్ 18.1తో ఐఫోన్లు, 2025లో ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ని, మూడు రోజులు తెరవకుండా ఉంటే తమంతట తామే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు తెచ్చుకున్నాయి.

పిన్ మాటెత్తాం గనుక, అది మీకు గుర్తుందా? రోజూ వేలు పెట్టి తెరిచేవాళ్లలో సగం మందికి ఉండదేమోనని మా అనుమానం. మనవడు పెట్టిచ్చిన పిన్ తాతయ్యకు తెలియదు, రీస్టార్ట్ అయ్యాక ఫోన్ తెరుచుకోదు. ముందు పిన్ గుర్తుందని తేల్చుకోండి, ఆ తర్వాతే ఆపండి. రాత్రి రీస్టార్ట్ చేస్తే పడుకునే ముందు ఒకసారి తెరిచి ఉంచండి. లేకపోతే చాలా ఫోన్లలో ఊరి నుంచి అమ్మ చేసిన కాల్ కూడా పేరు లేని నంబరుగానే కనిపిస్తుంది, స్పామ్ అనుకుని తీయరు.

ఫోన్‌కు తాళం వేసి సిమ్‌ను తెరిచి వదిలేస్తున్నాం. బస్టాండులో ఫోన్ కొట్టేసినవాడు మొదట దాన్ని ఆపేస్తాడు, తర్వాత సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తాడు. మీ ఓటీపీలు అందులో మోగుతాయి. దీనికి విరుగుడు సెట్టింగుల్లోనే ఉంది, దాని పేరు సిమ్ లాక్. పెట్టుకుంటే ఫోన్ ఆపి వేసిన ప్రతిసారీ సిమ్ కూడా తన పిన్ అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్‌ను మళ్లీ తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. కాబట్టి మొదటి పిన్ ఎంతో ఊహించకుండా మీ కంపెనీని అడిగి తెలుసుకుని మార్చండి. ఫోన్ పోయినప్పుడు ఐఎంఈఐ నంబరుతో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించవచ్చు. ఆ నంబరు *#06# కొడితే వస్తుంది, ఫోన్ చేతిలో ఉన్నప్పుడే రాసుకోండి.

అన్నీ జనమే చూసుకోవాలనడం మాత్రం అన్యాయం. సిమ్ మారిన తొలి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లోనే ఆదేశించింది. సిమ్ మార్చిన 7 రోజుల దాకా నంబరును మరో కంపెనీకి తరలించే వీలు లేకుండా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులై 1 నుంచి నిబంధన తెచ్చింది. కానీ ఓటీపీ కాల్ రూపంలోనూ వస్తుంది, దానికి ఆ 24 గంటల అడ్డు లేదు. సిమ్ మార్పు అడిగినప్పుడు ఖాతాదారు ముందుగా ఇచ్చిన రెండో నంబరుకు కాల్ చేసి ఒప్పుకోలు తీసుకోనిదే ఏ కంపెనీ కొత్త సిమ్‌ను పని చేయించకూడదు. అరవై దాటిన ఖాతాదారు ఒక్కసారిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి కొత్త ఖాతాకు పంపమంటే కౌంటర్లోని ఉద్యోగి ఫారం తీసుకోవడానికి ముందు ఒక మాట అడగాలి: ‘సార్, జేబులో ఫోన్ ఆన్‌లో ఉందా? ఒక్కసారి ఆపేసి మాట్లాడదామా?’ హైదరాబాద్‌లో బ్యాంకు సిబ్బంది ఇలా గమనించి ఆపబట్టే డబ్బు దక్కించుకున్న పెద్దవాళ్లున్నారు. ఉద్యోగి చొరవకు వదిలేసిన ఆ ప్రశ్నను రిజర్వు బ్యాంకు ప్రతి శాఖకూ నిబంధనగా చేయాలి.